పెంచిన రుణం ఎవరు తీర్చాలి?

తెలుగులో 'పెంచిన రుణం' అనే మాట ఒకటి ఉంది. కన్న రుణం ఎలాగూ తీరేది కాదని అందరూ ఒప్పుకుంటారు కాబట్టి దాని లెక్క ఎవరూ అడగరు. పెంచిన రుణానికి మాత్రం లెక్క ఉంటుంది. కనని బిడ్డకు పెట్టిన అన్నం ఎక్కడో ఒక పద్దులో ఎక్కుతుంది. "ఇంత చేస్తున్నారు, రేపు మిమ్మల్ని చూస్తుందా?" అని నన్ను అడిగినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువ. కన్నతల్లులను ఈ ప్రశ్న ఇంత తిన్నగా ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న విన్నప్పుడల్లా కోపం వచ్చేది. ఇప్పుడు దాన్ని కాస్త దగ్గరగా చూడాలనిపిస్తోంది. పెంచడం వల్ల అప్పు పుడుతుందా? పుడితే అది ఎవరి మీద ఉంటుంది? ఎవరూ తీర్చకపోతే ఏమవుతుంది?

దత్తత వేరు, ఫోస్టర్ కేర్ వేరు. దత్తతలో బిడ్డ చట్టప్రకారం శాశ్వతంగా మన ఇంటి బిడ్డ అవుతుంది. ఫోస్టర్ కేర్‌లో కొంతకాలానికి మాత్రమే మన ఇంటికి వస్తుంది. బాలల సంక్షేమ కమిటీ ఇచ్చే ఉత్తర్వుతో వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండగానే ఆ ఉత్తర్వుకు కాలం చెల్లుతుంది. మా ఇంటికి ఒక అమ్మాయి పదమూడో ఏట వచ్చింది, పద్దెనిమిది నిండాక హాస్టల్‌కు వెళ్లి సొంత బతుకు మొదలుపెట్టింది. ఆమె ఎందుకు మా ఇంటికి రావలసి వచ్చిందో, అంతకుముందు ఏం జరిగిందో, ఇప్పుడు ఎక్కడ ఉందో ఈ వ్యాసంలో రాయను. ఎందుకు రాయనో తర్వాత చెబుతాను.

బిడ్డను ఇంటికి తెచ్చుకునేటప్పుడు మాకు రెండు మాటలు చెప్పారు. ఒకటి: "సొంత బిడ్డలా చూసుకోండి." రెండోది: "సొంతం అనుకోకండి." రెండూ మంచి ఉద్దేశంతో చెప్పినవే, రెండూ అవసరమైనవే. కానీ ఈ రెండింటినీ ఒకే మనసులో పెట్టుకుని అయిదేళ్లు వంట చేయడం, జ్వరానికి తడిగుడ్డ వేయడం, పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున లేపడం ఎలాగో ఏ శిక్షణలోనూ చెప్పరు. పిల్లల హోముల్లో 'అమ్మ' అని పిలిపించుకునే ఉద్యోగినుల పరిస్థితి ఇంకా చిత్రం. వాళ్ల ఉద్యోగం పేరే అమ్మ. ప్రేమగా ఉండకపోతే ఉద్యోగానికి పనికిరారు. మరీ ప్రేమగా ఉంటే "అటాచ్‌మెంట్ పెంచుకుంటోంది" అని మందలింపు. ఒక అమ్మాయి పెట్టె సర్దుకుని వెళ్లిన వారానికే ఆ మంచం మీదికి ఇంకో పాప వస్తుంది. మధ్యలో ఏడవడానికి సెలవు లేదు.

చట్టం ఈ వైపు చూడలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 'ఆఫ్టర్ కేర్' అనే మాటను నిర్వచించింది. 18 నిండి 21 నిండని, సంస్థాగత సంరక్షణ నుంచి బయటికి వచ్చిన యువతకు ఇచ్చే ఆర్థిక, ఇతర సహాయం అని దాని అర్థం. సంస్థల నుంచి వచ్చినవాళ్ల ప్రస్తావనే ఆ నిర్వచనంలో ఉంది, ఒక ఇంట్లో పెరిగి బయటికి వెళ్లినవాళ్ల మాట లేదు. 46వ సెక్షన్ కూడా ఆర్థిక సహాయం 'ఇవ్వవచ్చు' అంటుంది, 'ఇవ్వాలి' అనదు. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఫోస్టర్ కేర్‌కూ ఆఫ్టర్ కేర్‌కూ నెలకు 4,000 రూపాయల చొప్పున ఉంది. అది బిడ్డ కోసం, అది సరే. పద్దెనిమిది నిండిన మర్నాడు పెంచిన మనిషి ఏమవుతుందన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. రాత్రి పదకొండింటికి హాస్టల్ నుంచి "అమ్మా, కడుపులో నొప్పిగా ఉంది" అని ఫోన్ వస్తే ఎత్తేది ఎవరు? ఎత్తినావిడకు ఆ క్షణంలో ఉన్న హోదా ఏమిటి?

మన సాహిత్యంలో ఈ స్థితి కొత్తది కాదు. యశోద ఫోస్టర్ తల్లే కదా. అక్రూరుడు రథం తెచ్చాడు, కుర్రవాడు మధురకు వెళ్లాడు, తిరిగి రాలేదు. తర్వాత ఉద్ధవుడు వ్రేపల్లెకు పరామర్శకు వస్తాడు. భాగవతం దశమస్కంధంలో ఆ సన్నివేశాన్ని స్త్రీవాద దృష్టితో చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. నందుడు మాట్లాడతాడు. యశోద వింటూ కన్నీళ్లు పెట్టుకుంటుంది, అంతే. గోపికలకు మాత్రం ఒక గుంపు ఉంది. వాళ్లు ఉద్ధవుడి చుట్టూ చేరి నిష్ఠూరాలాడతారు, ఎత్తిపొడుస్తారు, ఒకరి మాట ఒకరు అందుకుంటారు. ప్రియుడు వెళ్లిపోయినవాళ్లకు తోటివాళ్లు ఉన్నారు. పెంచిన బిడ్డ వెళ్లిపోయినావిడకు తోటివాళ్లు లేరు. చాలా ఏళ్ల తర్వాత, గ్రహణం రోజున శమంతపంచకంలో అందరూ కలిసినప్పుడు దేవకి, రోహిణి ఆమెను కౌగిలించుకుని, ఇంద్రుడి ఐశ్వర్యం ఇచ్చినా నీ రుణం తీరదంటారు. ఎంత ఉదాత్తమైన మాట! కానీ అంతకాలం యశోద పక్కన ఎవరు కూర్చున్నారు?

కర్ణుడి కథ దీనికి రెండో వైపు. కృష్ణుడు వచ్చి, నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే అన్నప్పుడు ఉద్యోగపర్వంలో కర్ణుడు రాధ పేరు చెబుతాడు. తన మీద ప్రేమతో ఆమెకు పాలు చేపుకొచ్చాయని, తన మలమూత్రాలు ఎత్తిపోసిందని, ఆ తల్లిని ఎలా కాదంటానని అడుగుతాడు. మనం ఆ ఘట్టాన్ని కృతజ్ఞతకు పరాకాష్ఠగా పాఠం చెబుతాం. నేనూ చాలా ఏళ్లు క్లాసులో అలాగే చెప్పాను. ఇప్పుడు అది చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. పెంచిన రుణాన్ని బిడ్డ మీద వేస్తే అది ఎంతదాకా వెళ్తుందో ఆ కథ చెబుతోంది. స్నేహానికీ పెంపకానికీ తానే బాకీపడ్డానని నమ్మిన మనిషి ఆ బాకీ కింద ప్రాణం పెట్టాడు. రాధకు ఏం కావాలో ఆ సంభాషణలో ఎవరూ అడగరు.

ఇక మా ఆదివారాల గురించి.

నెలలో రెండో ఆదివారం మధ్యాహ్నం మేం తొమ్మిదిమందిమి కలుస్తాం. ముగ్గురం ఫోస్టర్ తల్లులం. ఇద్దరు హోముల్లో అమ్మలు. ఇద్దరు కూతుళ్లు పోయాక మనవల్ని పెంచిన అమ్మమ్మలు. ఒకరు మేనత్త. ఇంకొకరు పొరుగింటి పిల్లవాణ్ణి ఏ కాగితమూ లేకుండా పెంచిన రిటైర్డ్ నర్సు. ఆవిడ ఇంటి మేడమీద గదిలోనే కూర్చుంటాం. ఈ సమావేశానికి బోర్డు లేదు, రిజిస్టర్ లేదు. టీ వంతులవారీగా పెడతాం. అడిగితే తప్ప సలహా ఇవ్వకూడదన్నది ఒక నియమం. రెండో నియమం గురించి కింద రాస్తాను.

ఇందులో మాట్లాడుకునేవి చాలావరకు మామూలు విషయాలు. 'తండ్రి పేరు' గడిలో ఏం రాయాలి? తల్లిదండ్రులు లేని కుర్రాడికి గది అద్దెకివ్వనన్న ఇంటావిడతో ఎలా మాట్లాడాలి? ఆధార్‌లో చిరునామా ఎప్పుడు మార్చుకోవాలి? మొదటి జీతం రాగానే కన్నతండ్రి ప్రత్యక్షమైతే మనం నోరు విప్పవచ్చా? ఇవి మాట్లాడుకుంటూ ఉండగానే మిగతావి బయటికి వస్తాయి. పెంచిన కుర్రాడు వెళ్లిన మర్నాడు తొమ్మిదింటిదాకా నిద్రపోయానని, లేచాక 'హమ్మయ్య' అనుకున్నానని, అలా అనుకున్నందుకు సిగ్గుతో చచ్చానని ఒకావిడ ఒకసారి చెప్పింది. గదిలో ఎవరి మొహమూ మారలేదు. అమ్మమ్మల్లో ఒకావిడ, "తొమ్మిదేనా? నేను రెండు రోజులు పడుకున్నానమ్మా" అంది. అందరం నవ్వాం. ఈ 'హమ్మయ్య'ను ఆవిడ భర్తకు చెప్పలేదు, అక్కచెల్లెళ్లకు చెప్పలేదు. చెబితే "ఎంతైనా కన్నబిడ్డ కాదుగా" అనేవాళ్లు. కన్నతల్లి విసుక్కుంటే అది అలసట, పెంచిన తల్లి విసుక్కుంటే అది రక్తసంబంధం లేకపోవడం. తోటివాళ్ల అవసరం ఇక్కడే. వివరించకుండానే అర్థం చేసుకునే చెవి వాళ్లది.

'తోటి' అన్నంత మాత్రాన సమానం కాదని కూడా చెప్పాలి. మొదట్లో హోముల్లో పనిచేసే ఇద్దరూ నన్ను 'మేడమ్' అనేవాళ్లు. నేను కుర్చీలో, వాళ్లు చాప మీద. నేను నోరు జారితే నాకు పోయేదేమీ లేదు, వాళ్లు నోరు జారితే ఉద్యోగం పోతుంది. నాకు ఒక బిడ్డ వెళ్లింది, వాళ్లలో ఒకావిడకు పద్నాలుగేళ్లలో ఎందరు వెళ్లారో లెక్కే లేదు. కుర్చీలు తీసేసి అందరం చాప మీద కూర్చోవాలని నర్సుగారు అన్నారు. 'మేడమ్' పోయి 'అక్కా' రావడానికి ఏడాది పట్టింది. ఒకే రకం దుఃఖం ఉన్నంతమాత్రాన కులం, జీతం, ఇల్లు గుమ్మం బయట ఆగిపోవు. వాటిని చూస్తూనే కూర్చోవాలి.

ఈ సమావేశాలకు వ్యతిరేకంగా నేను విన్న వాదాలు రెండు. రెండూ బలమైనవే.

మొదటిది ప్రభుత్వం గురించి. ఆడవాళ్లు తమలో తాము ఓదార్చుకుంటే ప్రభుత్వానికి పని తప్పుతుంది కదా అని. ఈ అనుమానానికి మన నేల మీదే ఆధారం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ల మాటల్లోంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. తర్వాత ఆ కూర్చోవడాన్నే అప్పుల వ్యాపారం తన పనికి వాడుకుంది. మైక్రోఫైనాన్స్ గ్రూపుల్లో ఒకరు వాయిదా కట్టకపోతే మిగతావాళ్లు వెళ్లి ఆమె గుమ్మం ముందు కూర్చున్నారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక, 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. తోటివాళ్ల తోడు తోటివాళ్ల ఒత్తిడిగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు. కనుక మా చాపను ఎవరైనా పథకంగా మార్చి, కౌన్సెలర్ జీతం మిగిలిందని సంతోషిస్తే నేను ఒప్పుకోను. నెలకు ఒక మధ్యాహ్నం ఆఫ్టర్ కేర్‌కు బదులు కాదు.

రెండో వాదం ఇంకా కష్టమైనది. వెళ్లిపోతున్నది పిల్లలు. ఆస్తి లేదు, ఇల్లు లేదు, పండక్కి వెళ్లడానికి ఊరు లేదు. అసలు ప్రమాదంలో ఉన్నది వాళ్లయితే మధ్యలో మీ కన్నీళ్లేమిటి? ఇక్కడ కూడా తల్లినే పీఠం ఎక్కిస్తున్నారా? ఈ మాట అన్నది ఒక హోములో పెరిగి బయటికి వచ్చిన యువతి. ఆమెకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. ఆ జవాబు నాకు నా ఫోన్‌లో దొరికింది.

మా అమ్మాయి వెళ్లిన కొత్తలో వాట్సాప్‌లో ఆమె చివరిసారి ఎప్పుడు కనిపించిందో చూసి పడుకోవడం అలవాటైంది. ఒక దశలో పన్నెండు రోజులు మాట్లాడలేదు. ఒక రాత్రి పెద్ద మెసేజ్ రాశాను. అందులో మా ఆయన స్కూటర్ మీద ట్యూషన్‌కు దింపిన రోజులున్నాయి, నేను మానేసిన సెమినార్లున్నాయి, నా నిద్రలేని రాత్రులున్నాయి. 'ఇన్నేళ్లు పెంచినందుకు' అన్న మాట మూడుసార్లు ఉంది. అచ్చంగా పద్దుల పుస్తకం. ఆ వారం మా ఆదివారం ఉంది. పంపకుండా ఆపి అక్కడ చదివాను. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, నిజమేనని పిల్లను తిట్టనూ లేదు. కాసేపటికి అమ్మమ్మ, "మాకు చెప్పావుగా, చేరిందిలే. ఇంక ఆ పిల్లకెందుకు?" అంది. ఆ రాత్రి దాన్ని తీసేసి, "తిన్నావా?" అని మాత్రం పంపాను.

పెంచినావిడ అలసటను, దుఃఖాన్ని అందుకునేవాళ్లు ఎవరూ లేకపోతే అవి ఎక్కడికి పోతాయి? ఎప్పుడూ అందుబాటులో ఉండేది ఆ బిడ్డే కనుక బిడ్డ మీదికే పోతాయి. నిష్ఠూరంగా, ఆరోగ్యం బాగాలేదన్న ఫోన్‌గా, "మీ కన్నవాళ్ల దగ్గరికే పో" అన్న మాటగా పోతాయి. పద్దెనిమిదేళ్లకు ఒంటరిగా గది వెతుక్కుంటున్న పిల్ల ఆ బరువు కూడా మోయాలి. కనుక పెంచినవాళ్లకు తోడు అన్నది పిల్లల నుంచి దృష్టి మళ్లించడం కాదు. ఆ యువతికి ఇప్పుడు ఇదే చెబుతాను: మా ఏడుపు మేం మేం ఏడిస్తేనే నువ్వు బాకీ లేకుండా వెళ్లగలవు.

అమెరికన్ తత్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో 'లవ్స్ లేబర్' అనే పుస్తకం రాసింది. తీవ్రమైన మేధోవైకల్యం ఉన్న కూతుర్ని పెంచిన తల్లి ఆమె. తన మీద ఆధారపడ్డవాళ్లను చూసుకునే మనిషిని చూసుకునే బాధ్యత సమాజానిదని ఆమె వాదన. దానికి ఆమె పెట్టిన పేరు 'డౌలియా'. బాలింతను చూసుకునే స్త్రీని 'డౌలా' అంటారు కదా, ఆ మాటలోంచి తీసింది. డౌలా బిడ్డను తల్లి చేతిలోంచి తీసుకోదు, తల్లిని చూసుకుంటుంది, తల్లి బిడ్డను చూసుకుంటుంది. ఇందులో ముఖ్యమైన సంగతి ఏమిటంటే సాయం పొందినవాళ్లే దాన్ని తిరిగి చెల్లించనక్కర్లేదు. చంటిబిడ్డ ఎలా చెల్లిస్తుంది?

మనకిది తెలియనిది కాదు. పుట్టింట్లో పురుడు పోసేది ఇందుకే. బాలింతకు నీళ్లు పోసే చేతులు, పథ్యం వండే చేతులు వేరే ఉంటాయి. పెళ్లిలో అప్పగింతలప్పుడు తల్లి చుట్టూ అమ్మలక్కలు నిలబడతారు, ఆమెతోపాటు ఏడుస్తారు. ఆడపిల్లను ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటివాళ్ల చేతిలో పెట్టే ఆ తంతుతో నాకు పేచీ ఉంది. కానీ వదిలిపెట్టేవాళ్లను పట్టుకోవడానికి పక్కన మనుషులు కావాలన్న ఎరుక అందులో ఉంది. కనని బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మాకు పురుడు లేదు, వెళ్లినప్పుడు అప్పగింతలు లేవు. ఒక ఫైలు తెరిచారు, ఒక ఫైలు మూశారు.

ఇక మా రెండో నియమం. గదిలో ఎవరి సంగతి వాళ్లే చెప్పాలి. 'నాకు ఏమైంది' అని చెప్పవచ్చు, 'దానికి ఏమైంది' అని చెప్పకూడదు. ఇది పాటించడం కష్టం. మా దుఃఖం వాళ్ల గాయాలతో పెనవేసుకుని ఉంటుంది. కానీ ఆ పిల్లల జీవితం చిన్నప్పటినుంచీ ఎవరెవరి నోళ్లలోనో నలిగింది. కమిటీలో చదివారు, ఫైల్లో రాశారు, దాతలకు వినిపించారు. వాళ్లకంటూ మిగిలిన ఆస్తి ఏదైనా ఉంటే అది వాళ్ల కథ. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నుంచి మనం నేర్చుకున్నది, స్త్రీలు తమ నోటితో తమ కథ చెప్పినప్పుడు చరిత్ర మారుతుందని. అది పెంచిన తల్లికి ఎంత నిజమో పెరిగిన బిడ్డకూ అంతే నిజం. మా అమ్మాయి కథ ఇక్కడ లేకపోవడానికి కారణం ఇదే. ఆమె ఎప్పుడైనా రాసుకుంటే నేను పాఠకురాలిని.

అడగవలసినవి అడుగుదాం. 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ప్రత్యామ్నాయ సంరక్షణపై ఆమోదించిన మార్గదర్శకాలు, ఫోస్టర్ సంరక్షకుల సంఘాలను ప్రోత్సహించాలని, అవి పరస్పర ఆసరాగా ఉంటూ విధానాలకు కూడా తోడ్పడాలని చెప్పాయి. ఆసరా, విధానం రెండూ ఒకే వాక్యంలో ఉండటం నాకు నచ్చింది. ఇంగ్లండ్‌లో 2014 నాటి చట్టం ఫోస్టర్ కుటుంబంలో పెరిగిన యువత ఇద్దరికీ ఇష్టమైతే 21 దాకా అదే ఇంట్లో ఉండే ఏర్పాటుకు స్థానిక ప్రభుత్వాలు తోడ్పడాలంది. మన దగ్గరా పద్దెనిమిది దగ్గర అంతా ఆగిపోదని ప్రభుత్వానికి తెలుసు. కోవిడ్‌లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకు 2021లో కేంద్రం ప్రకటించిన పథకంలో 18 నుంచి 23 దాకా నెలవారీ సాయం, 23 నిండాక 10 లక్షల రూపాయలు ఉన్నాయి. 2024లో సవరించిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు పెళ్లికాని, భర్త పోయిన, విడిపోయిన స్త్రీలకు కూడా బిడ్డను పెంచే అవకాశం ఇచ్చాయి. మంచిదే. కానీ ఒంటరి స్త్రీ పెంచబోతోందంటే, బిడ్డ వెళ్లిన రోజున ఆమె నిజంగానే ఒంటరి. ఇల్లు దాటిన పిల్లలకు ఆఫ్టర్ కేర్ హక్కుగా ఉండాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం పెంచినవాళ్లు కలుసుకోవడానికి ఒక గది ఇవ్వాలి, దారిఖర్చు ఇవ్వాలి, హోముల్లో అమ్మలకు ఆ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. గదిలో ఏం మాట్లాడుకున్నామో మాత్రం అడగకూడదు.

పెంచితే అప్పు పుడుతుంది, నిజమే. ఒక మనిషిని మనిషిగా నిలబెట్టిన శ్రమ అది, ఊరికే పోకూడదు. కానీ అది బిడ్డ మీద ఉండే అప్పు కాదు. ఆ బిడ్డను ఏ పరిస్థితులు రోడ్డు మీదికి తెచ్చాయో వాటిని చూస్తూ ఊరుకున్న మనందరి మీద ఉండే అప్పు. ప్రభుత్వం తన వాటా డబ్బుగా, చట్టంగా చెల్లించాలి. తోటి స్త్రీలం మా వాటా ఒక మధ్యాహ్నంగా, ఒక టీగా చెల్లించుకుంటున్నాం. వచ్చే నెల పదో చోటు నిండబోతోంది. ఆవిడ పెంచిన అబ్బాయికి జూన్‌లో పద్దెనిమిది నిండుతాయి. "నేనేం తీసుకురావాలి?" అని ఫోన్‌లో అడిగింది. ఏమీ అక్కర్లేదన్నాను.